కిడ్నీలో నీటి బుడగలు... ఓ స్టెమ్ సెల్ చీటీ

మా బావగారు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. "చూడమ్మా, మార్కర్లన్నీ పాజిటివ్ అంట. నా ఒంట్లో మూలకణాలు దివ్యంగా ఉన్నాయంట. మూడు ఇంజెక్షన్లు చేస్తే కిడ్నీలు మళ్లీ దారిలో పడతాయన్నారు" అన్నారు. ఆయన మొహంలో అలాంటి వెలుగు చూసి చాలా ఏళ్లయింది. మా అక్క, అంటే మా తోటికోడలు, అప్పటికే బీరువాలోంచి గాజులు తీసి రుమాల్లో మూట కట్టి ఉంచింది. మూడు ఇంజెక్షన్లకి నాలుగున్నర లక్షలు!

2023 వేసవిలో సంగతి ఇది. ఆ మూట మళ్లీ బీరువాలోకి వెళ్లడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజుల్లో నేను నేర్చుకున్నది మీకు చెబుదామని కూర్చున్నాను. నేను చదివింది ఇంటర్ బైపీసీ వరకే, అదీ ఎప్పుడో. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పినవీ, బయోటెక్నాలజీ చదివిన మా బావగారి అమ్మాయి చిన్ని నాకర్థమయ్యే మాటల్లో విడమరిచి చెప్పినవీ కలిపి రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. దీన్ని పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్ అంటారు. ఆ పేరు వినగానే మనలో చాలామంది ఆడపిల్లలకి వచ్చే పీసీఓడీ అనుకుంటారు. కాదండీ, రెంటికీ సంబంధం లేదు. అది అండాశయాల గొడవ. ఇది కిడ్నీలది, పుట్టుకతో రక్తంలో వచ్చేది. మనిషి కిడ్నీ మామూలుగా పిడికిలంత ఉంటుంది, బరువు నూట యాభై గ్రాములు. ఈ జబ్బులో దాన్నిండా ద్రాక్షగుత్తిలాగా నీటి బుడగలు పుట్టి, ఏళ్ల తరబడి నెమ్మదిగా ఊరి, ఒక్కో కిడ్నీ కిలోల బరువుకి వెళ్లిపోతుంది. బుడగల మధ్య నలిగి అసలు కిడ్నీ పనిచేయడం మానేస్తుంది.

మా అత్తగారికి ఉన్నది ఇదేనని మాకు తెలియనే తెలియదు. కడుపు ఎత్తుగా ఉండేది, నడుము పక్కన లాగుతోందని వేడినీళ్ల కాపడం పెట్టించుకునేవారు. "గ్యాసు" అన్నారొకరు, "గడ్డలు" అన్నారొకరు. 2004లో యాభై ఎనిమిదో ఏట పోయారు. మా బావగారికి ముప్పై మూడో ఏటే బీపీ వచ్చింది. అందరం కలిసి ఆ పాపాన్ని మా అక్క వంట మీదికి నెట్టాం. ఉప్పెక్కువ వేస్తుంది, ఊరగాయలు పెడుతుంది అని. నేనూ అన్నాను, ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2013లో నడుంనొప్పికి స్కాన్ తీస్తే, రెండు కిడ్నీల్లో లెక్కపెట్టలేనన్ని బుడగలు. చిన్న వయసులోనే బీపీ రావడం ఈ జబ్బు మొదటి గుర్తుల్లో ఒకటని అప్పుడు తెలిసింది. పాపం అక్క పదేళ్లు మాటలు పడింది.

ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు?

తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. బొమ్మాబొరుసూ వేసినట్టే. మగపిల్లాడా ఆడపిల్లా అన్న తేడా లేదు. పెద్దవాడికి వచ్చింది కాబట్టి చిన్నవాడికి రాదన్న హామీ కూడా లేదు, బిడ్డబిడ్డకీ నాణెం మళ్లీ ఎగరేయాల్సిందే. కానీ ఒక మంచి మాట ఉంది. నాణెం మన వైపు పడితే అక్కడితో ఆ తెగ తెగిపోతుంది. జబ్బు లేనివాళ్ల పిల్లలకి ఇది ఆ దారిలో రాదు, ఒక తరం దాటి తాతనుంచి మనవడికి దూకదు.

దీనికి కారణమైన రెండు జన్యువుల్లో ఒకటి పదహారో క్రోమోజోము మీద ఉంది, 1994లో కనిపెట్టారు. రెండోది నాలుగో క్రోమోజోము మీద, 1996లో. ఎక్కువమందికి మొదటిదే. దానివల్ల యాభైల్లోనే కిడ్నీలు చేతులెత్తేయడం మామూలు. రెండోదైతే డెబ్భైల దాకా బండి లాగుతుంది, కొందరికి జీవితాంతం డయాలిసిస్ అవసరమే రాదు. పిల్లల్లో పుట్టగానే కనబడే ఇంకో రకం ఉంది గానీ అది చాలా అరుదు, దాని వరస వేరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి పేపర్లలో చదివి, ఇదీ అదే అనుకునేవాళ్లున్నారు. అది కాదు. ఉద్దానంలో స్కాన్ తీస్తే ఇలా బుడగల గుత్తులు కనిపించవు, దానికి కారణం తేల్చడానికి ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. ఇక్కడ కారణం తెలుసు.

మావారికి స్కాన్ తీయించింది 2018లో. నలభై దాటిన మనిషికి కిడ్నీల్లో ఒక్క బుడగ కూడా కనబడకపోతే ఈ జబ్బు లేనట్టే అన్నారు. ఒక్కటి కూడా లేదు. అంటే మా పిల్లలిద్దరికీ భయం లేదు. ఆ సాయంత్రం నేను గోదావరి గట్టుకెళ్లి దండం పెట్టుకుని కొబ్బరికాయ కొట్టాను. ఇంటికొచ్చి ఫోనులో అక్కకి చెబితే, అవతలినుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "నీకేం, నీ పిల్లలు ఒడ్డున పడ్డారు" అంది. నాకు కోపం రాలేదు. అది నిజం, అంతే.

మూలకణమంటే తోడు

ఇప్పుడా చీటీ సంగతి. మన ఇంట్లో రాత్రి పాలు తోడు పెడతాం కదా. గిన్నెడు పెరుగు తినేసినా అడుగున చెంచాడు తోడు మిగిల్చితే మర్నాటికి మళ్లీ గిన్నెడు పెరుగు. ఒంట్లో మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, అలాంటివి. తమలాంటివి తాము తయారవుతూ, అవసరాన్ని బట్టి చర్మంగానో రక్తంగానో మారగలిగినవి. ఎముకల మూలుగలో ఉన్నవి రోజూ రక్తం తయారుచేస్తూనే ఉంటాయి.

మరి వేలాది కణాల మధ్య ఇది తోడు, ఇది పెరుగు అని ఎలా గుర్తుపడతారు? దానికే మార్కర్లు. ఇంట్లో బియ్యప్పిండి, మైదా, మొక్కజొన్న పిండి ఒకేలా ఉంటాయని డబ్బాల మీద చీటీలు అంటిస్తామే, అలాగే కణం పైపొర మీద కొన్ని మాంసకృత్తులు తేలుతూ ఉంటాయి. వాటికి సీడీ34, సీడీ133 అంటూ నంబర్లు పెట్టారు. రంగు పట్టే మందు వేసి ఏ కణం మీద ఏ చీటీ ఉందో చూస్తారు. అది గుర్తుపట్టే పద్ధతి మాత్రమే, మందు కాదు. పైగా ఒకే చీటీ రెండు మూడు డబ్బాల మీద ఉండొచ్చు.

మా బావగారి కాగితంలో "పాజిటివ్" అన్నవి ఈ రెండు నంబర్లే. రక్తం తీసి చూశారు. డాక్టరుగారు కాగితం అటూ ఇటూ తిప్పి నవ్వారు. "అమ్మా, రక్తం పుట్టించే మూలకణాల మీద ఈ గుర్తులు ఉంటాయి. నాకు తీసినా పాజిటివే, మీకు తీసినా పాజిటివే. దీన్నిబట్టి కిడ్నీ గురించి ఒక్క ముక్క కూడా తెలీదు" అన్నారు. పన్నెండు వేలు పోసి చేయించిన పరీక్ష మరి.

అలాగని కిడ్నీలో మూలకణాల సంగతి ఉత్త కబుర్లేమీ కాదు. ఇటలీలో టురిన్ నగరంలోని పరిశోధకులు 2005లో పెద్దవాళ్ల కిడ్నీలోనే సీడీ133 గుర్తున్న కణాలు వేరుచేసి చూపించారు. మరుసటి ఏడు ఫ్లోరెన్స్‌లో ఇంకొకరు, సీడీ24 అనే గుర్తు కూడా కలిపి, రక్తాన్ని వడకట్టే జల్లెడ చుట్టూ ఉండే పొరలో అలాంటి కణాలున్నాయన్నారు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ కణాలని ఎలుకల్లో పెడితే అవి కిడ్నీలో ఉండే సన్నటి గొట్టాల్లాంటివి కట్టాయట. చూడండి, ఆశ పుట్టే మాటే కదా!

అయితే ఆ టురిన్ వాళ్లే 2011లో పాలిసిస్టిక్ కిడ్నీల్లోంచి అదే సీడీ133 గుర్తున్న కణాలు తీసి చూశారు. అవి ఎలుకల్లో కట్టినవి గొట్టాలు కాదు. బుడగలు!

చిన్ని ఇది చదివి చెప్పినప్పుడు వంటింట్లో పెరుగు చిలుకుతున్నాను. కవ్వం ఆపేశాను. ఎందుకంటే నాకు వెంటనే అర్థమైంది. ముక్కిపోయిన తోడు వేస్తే ఎంత చిక్కటి పాలైనా ముక్కిన పెరుగే అవుతుంది. ఈ జబ్బులో దోషం కిడ్నీలో మాత్రమే లేదు, తల్లి కడుపులో పడ్డప్పటినుంచీ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. మా బావగారి మూలుగలోంచి తీసిన మూలకణాల్లోనూ అదే దోషం. వాటినే తిరిగి ఆయనకి ఎక్కిస్తే ఆ దోషం ఎక్కడికి పోతుంది? ఇదే ప్రశ్న డాక్టరుగారిని అడిగాను. "మీరు అడిగింది ఆ క్లినిక్కు వాళ్లని అడగాల్సిందమ్మా" అన్నారు.

దోషం ఎక్కడుందో కూడా ఆయన చెప్పారు. కిడ్నీ గొట్టాల లోపలివైపు కణాలకి ఒక్కో సన్నటి వెంట్రుక లాంటిది ఉంటుంది. మూత్రం పారుతుంటే ఆ నూగు కదిలి, లోపల ప్రవాహం సరిగా ఉందని కణానికి కబురు చెబుతుంది. ఆ కబురందించే మాంసకృత్తులే ఈ జబ్బులో పాడవుతాయి. కబురు అందని కణం, ఇంకా గొట్టం కట్టాలి కాబోలనుకుని పెరుగుతూ పోయి బుడగై కూర్చుంటుంది. వింతేమిటంటే, బుడగలు కట్టేవి లక్షల గొట్టాల్లో బహు కొద్ది. ఆ కొద్దే మిగతావాటిని నలిపేస్తాయి.

ఇక ఈ మార్కర్ల పరిశోధన వల్ల లాభం లేదా అంటే, ఉంది. జపాన్ శాస్త్రవేత్త యమనకా 2006లో మామూలు కణాన్ని వెనక్కి నడిపించి మూలకణంగా మార్చే దారి కనిపెట్టారు, దానికే 2012లో నోబెల్ వచ్చింది. అలాంటి కణాలతో అమెరికాలో 2015లో గాజు గిన్నెలో బుల్లి కిడ్నీ ముక్కలు పెంచి, వాటిలో ఈ జన్యువులు పాడుచేస్తే బుడగలు రావడం కళ్లారా చూశారు. ఏ మందు వేస్తే బుడగ ఆగుతుందో మనిషి మీద కాకుండా ఆ గిన్నెలో పరీక్షించుకోవచ్చు. ఇరాన్‌లో 6గురు రోగులకి వాళ్ల మూలుగ కణాలే ఎక్కించి ఏడాది చూసి 2017లో ఫలితం రాశారు. హాని కనబడలేదన్నారు, అంతవరకే. బాగుపడిందని తేలలేదు. ఆరుగురితో తేలేది కూడా కాదు.

మన దేశంలో ఐసీఎంఆర్ వాళ్లు 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్తసంబంధమైన కొన్ని జబ్బులకి చేసే మూలుగ మార్పిడి తప్ప, మరి దేనికీ స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా అమ్మకూడదు. అనుమతి తీసుకుని నమోదు చేసిన పరిశోధనలో మాత్రమే ఇవ్వాలి. పరిశోధనలో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు పుచ్చుకోకూడదు. అంచేత నాలుగున్నర లక్షలు అడిగారంటేనే అది పరిశోధన కాదన్నమాట. మా బావగారు ఆ క్లినిక్కుకి ఫోను చేసి నమోదు నంబరు అడిగారు. "సార్ మీటింగులో ఉన్నారు" అన్నారు. మూడు రోజులూ మీటింగే.

ఆ మూడో రోజు ఆయన మొహంలో వెలుగు ఆరిపోవడం చూశాను. నిజం చెప్పినందుకు ఆ క్షణంలో నాకే బాధేసింది.

మరి చేయగలిగిందేమిటి?

ఉంది, అదీ చవకైనదే. అన్నిటికన్నా ముఖ్యం బీపీ. దాన్ని చిన్న వయసునుంచీ అదుపులో పెట్టుకుంటే, కిడ్నీలు పెరిగే జోరు తగ్గుతుందని 2014లో అమెరికా పరిశోధనలో తేలింది. ఇంట్లో బీపీ మిషను ఉండాలి. ఉప్పు రోజుకి మనిషికి చెంచాడు దాటకూడదు, అదీ కూరలో చారులో ఊరగాయలో అన్నీ కలిపి. మనకి కష్టం ఆవకాయతోనే. ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది, తగ్గించకపోతే బీపీ. నేనిప్పుడు బావగారు వచ్చినప్పుడు పచ్చి మామిడి ముక్కలు, కారం, ఆవపిండి, చిటికెడు ఉప్పుతో అప్పటికప్పుడు కలిపి పెడతాను, రెండు రోజుల్లో అయిపోవాలి. అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు బంద్. "తక్కువ సోడియం ఉప్పు" అని ప్యాకెట్లలో అమ్మేది మంచిదని కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ప్రమాదం.

కిడ్నీ బాగా పనిచేస్తున్నంతకాలం నీళ్లు సుబ్బరంగా తాగొచ్చు. తర్వాత ఎంత తాగాలో డాక్టరు కొలత చెబుతారు. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు కూడా అప్పుడు తగ్గించాలి. బంగాళాదుంపలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. నడుంనొప్పి అని మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు వేసుకోకూడదు. ఎవరో ఇచ్చిన భస్మాలు అసలొద్దు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వస్తే గుళిక మింగి పడుకోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి మెదడు రక్తనాళంలో ఉబ్బు ఉంటుంది.

టోల్వాప్టాన్ అనే మందుకి జపాన్‌లో 2014లో, అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. జబ్బు నడక నెమ్మదిస్తుంది, ఆగదు. మూత్రం విపరీతంగా వస్తుంది, లివర్ పరీక్షలు తరచూ చేయించాలి. మా బావగారికి ఆ దశ దాటిపోయిందన్నారు.

అక్కకి అన్నిటికన్నా పెద్ద గుండెకోత చిన్ని. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. "స్కాన్ తీయించొద్దు, తీయిస్తే ఉందో లేదో తెలిసిపోతుంది" అని అక్క పట్టు. తెలియకపోతే లేనట్టేనని ఆమె లెక్క. నేను తప్పు పట్టను, కన్నతల్లి. కానీ తెలియకపోతే ఆ పిల్ల బీపీ ఎవరు చూస్తారు? రేపు కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే ప్రమాదం ఇద్దరికీ. కుటుంబంలో జబ్బు ఉండి, పదిహేను నుంచి ముప్పై తొమ్మిదేళ్ల మధ్య వయసువాళ్లకి రెండు కిడ్నీల్లోనూ కలిపి మూడు బుడగలు కనబడితే ఉన్నట్టే లెక్క. కనబడకపోతే మాత్రం ఆ వయసులో లేనట్టని గట్టిగా చెప్పలేరు, మళ్లీ చూడాలి, లేదా జన్యుపరీక్ష చేయించాలి.

చివరికి చిన్నే తేల్చేసింది. "పిన్నీ, నువ్వు తోడు రా, అమ్మకి తర్వాత చెబుదాం" అంది. వెళ్లాం. చల్లటి జెల్లు రాసి డాక్టరమ్మ తెర మీద చూపిస్తుంటే నేనే లెక్కపెట్టాను. కుడివైపు నాలుగు, ఎడమవైపు మూడు. చిన్ని నా చెయ్యి వదిలి కళ్లజోడు తుడుచుకుంది. ఆటోలో ఇంటికొస్తూ మాట్లాడలేదు. వీధి మలుపులో దిగి, మెడికల్ షాపులో బీపీ మిషను కొనిపించింది.

అక్క మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ మధ్య వచ్చిన ఒక సంబంధానికి చిన్నే ముందుగా విషయం చెప్పింది, వాళ్లు మళ్లీ ఫోను చేయలేదు. రెండోవాళ్లు డాక్టరుని కలిసి వస్తామన్నారు, కలిశారు కూడా. ఏం చెబుతారో చూడాలి.

బావగారికి 2024 చివర్లో డయాలిసిస్ మొదలైంది. ఇప్పుడు కిడ్నీ ఇవ్వడానికి మావారు సిద్ధపడ్డారు. అన్నదమ్ములు కాబట్టి 1994 చట్టం ప్రకారం దగ్గర బంధువే, స్కాన్‌లో బుడగల్లేవు కాబట్టి ఇవ్వొచ్చు. అయినా ఇంకా ఎమ్మారై, జన్యుపరీక్ష చేయాలంటున్నారు. ఆ మాట ఆయన చెప్పిన రోజు నేను అన్నం కంచం ముందునుంచి లేచిపోయాను. గోదావరి గట్టున కొబ్బరికాయ కొట్టింది నేనే, ఒడ్డున పడ్డామనుకున్నదీ నేనే. నాలుగు రోజులు ఆయనతో ముభావంగా ఉండి, ఐదో రోజు సంతకం పెట్టాల్సిన కాగితాలు నేనే వెతికి తీశాను. అక్క రుమాల్లో గాజులు తెచ్చి నా చేతిలో పెట్టి, "పరీక్షల ఖర్చుకి" అంది. మూడు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

చిన్ని ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. హలో కూడా అనదు. "పిన్నీ, నూట ఇరవై రెండు, డెబ్భై ఎనిమిది" అంటుంది. నేను క్యాలెండరు మీద రాసుకుంటాను.